చార్మినార్ రూపాయికి మార్కులు వేయవలసినది ఎవరు?

మార్కులు అనే మాట వినగానే విద్యార్థి గుండె ఒక్కసారి జల్లుమంటుంది. ఏడాది పొడుగునా చదివిన చదువు, పడిన శ్రమ, కలిగిన తెలివి అన్నీ కలిసి చివరకు ఒక అంకెగా మారి కాగితం మీద కూర్చుంటాయి. ఆ అంకె మనను గురించి కొంత చెప్పగలదే గాని అంతా చెప్పజాలదని మనకందరికీ తెలిసినదే. అయినా దాని కోసమే పరుగులు తీస్తాము. ఇప్పుడు ఈ మార్కుల పద్ధతి మన ఇండ్లలోని పాత నాణేల దాకా వచ్చి చేరింది. ఈ విషయమై మా అభిప్రాయమును సోదర విద్యార్థుల ముందు, గౌరవనీయులైన కళాశాల యాజమాన్య సంఘం వారి ముందు ఉంచవలెనను ఉద్దేశముతో ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

మాలో కొందరం తెలుగు మాధ్యమంలోను, కొందరం ఉర్దూ మాధ్యమంలోను చరిత్ర చదువుతున్నవాళ్ళము. వికారాబాదు నుంచి కొందరం, తాండూరు నుంచి కొందరం వస్తాము. మా తరగతి మిత్రుడొకడు ఒకనాడు రుమాలులో చుట్టిన ఒక వెండి రూపాయిని తెచ్చి మాకు చూపించాడు. ఒకవైపు చార్మినార్ బొమ్మ, మరొకవైపు ఫారసీ అక్షరాలు. వాళ్ళ నాయనమ్మ పెట్టె అడుగున దొరికినదట. నల్లగా ఉన్నదాన్ని ఇంట్లోవాళ్ళు చింతపండుతోను, బూడిదతోను తోమి అద్దంలా మెరిపించారు. బజారులో ఎవరో చూచి, "దీన్ని గ్రేడింగుకు పంపు, లక్షలు వస్తాయి" అన్నారు. మా మిత్రుని తండ్రి నాపరాయి గనిలో కూలి. ఇంట్లో చెల్లెలి పెండ్లి తలపెట్టి ఉన్నారు. ఆ ఒక్క మాటతో ఆ ఇంట్లో నెల రోజులు నిద్ర లేదు. చివరకు తెలిసినవారిని అడిగితే తేలినదేమంటే, అది సామాన్యంగా దొరికే సంవత్సరపు నాణెం. ఉన్న కాస్త అదనపు విలువ కూడ చింతపండుతో తోమినప్పుడే పోయింది. ఆనాడు మా మిత్రుని ముఖం చూచిన తరువాతనే ఈ గ్రేడింగు అనునదేమిటో తెలుసుకొనవలెనను పట్టుదల మాకు కలిగింది.

ముందుగా దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకుందాము. 1949లో అమెరికాలో విలియం షెల్డన్ అను ఆయన తమ దేశపు పాత రాగి సెంటు నాణేలను గురించి ఒక గ్రంథం వ్రాస్తూ, నాణెపు స్థితిని 1 నుంచి 70 వరకు గల అంకెలతో కొలిచే పద్ధతిని ప్రతిపాదించాడు. గుర్తుపట్టడానికి మాత్రమే వీలైనంతగా అరిగిన నాణెం 1. మచ్చ లేని నాణెం 70. అరవై మొదలు పైన ఉన్నవన్నీ చేతులు మారకుండా టంకశాల నుంచి వచ్చినట్లే ఉన్న నాణేలకు. క్రమంగా ఈ కొలమానం అన్ని రకాల నాణేలకు వ్యాపించింది. అమెరికా నాణేతిహాస సంఘం వారు 1972లో నాణేలు అసలువా నకిలీవా అని పరీక్షించి చెప్పే విభాగాన్ని నెలకొల్పి, 1979 నుంచి గ్రేడు కూడ చెప్పసాగారు. 1986లో పి.సి.జి.ఎస్., 1987లో ఎన్.జి.సి. అను ప్రైవేటు సంస్థలు వెలసినవి. ఈ సంస్థలు నాణేన్ని పరిశీలించి, అంకె నిర్ణయించి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో బిగించి, దాని మీద పేరు, సంవత్సరం, అంకె, వరుస సంఖ్య అచ్చువేసి తిరిగి పంపుతాయి. పెట్టె పగులగొడితే తప్ప నాణేన్ని బయటకు తీయలేము. ప్రపంచమంతటా నాణేల వేలంపాటలలో నేడు ఈ పెట్టెలకే పెద్దపీట.

ఈ పద్ధతిలో మంచి లేదని మేము అనము. కంటికి కనిపించని విక్రేత నుంచి, వేల మైళ్ళ దూరం నుంచి నాణెం కొనేవాడికి ఒక మధ్యవర్తి మాట కావలెను. కొనేవాడికీ అమ్మేవాడికీ సంబంధం లేని మూడవ వ్యక్తి పరీక్షించి చెప్పడం న్యాయమైన ఏర్పాటే. నకిలీలు పెరిగినకొద్దీ దాని అవసరం కూడ పెరుగుతున్నది. మన బజారులో చూచినా ఇటువంటి ఏర్పాట్లు కొత్తవి కావు. 2000 సంవత్సరం నుంచి బంగారు నగలపై హాల్‌మార్కు వేస్తున్నారు. 2021 జూన్ 16 నుంచి దానిని దశలవారీగా తప్పనిసరి చేశారు. ప్రతి నగకు ఆరు అక్షరాంకెల ప్రత్యేక గుర్తు వచ్చింది. మన తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినప్పుడు మనమందరం గర్వించాము. పేరు చెప్పి మోసగించేవారి నుంచి రైతును కాపాడేది ఆ గుర్తింపే గదా అని సంతోషించాము.

కాని ఇక్కడ ఒక భేదమును గమనించవలెను. బంగారంలో ఎంత శుద్ధి ఉన్నదనునది ఎవరు ఎన్నిసార్లు పరీక్షించినా ఒకేవిధంగా తేలవలసిన సత్యము. దాని వెనుక ప్రభుత్వపు చట్టం ఉన్నది. నాణెపు గ్రేడు అటువంటిది కాదు. అది అనుభవజ్ఞులైన మనుషులు చూచి చెప్పే అభిప్రాయము. ఒకే నాణెం ఒక సంస్థలో ఒక అంకె, మరొక సంస్థలో ఇంకొక అంకె పొందుతుంది. ఒకే సంస్థకు రెండవమారు పంపితే అంకె మారిన సందర్భాలు కూడ ఆ రంగంలో ఉన్నవారికి సుపరిచితాలే. పై గ్రేడులలో ఒక్క అంకె తేడాకు ధరలో ఎన్నో రెట్లు తేడా వస్తుంది కనుక, పెట్టె పగులగొట్టి మళ్ళీ మళ్ళీ పంపేవారు ఉన్నారు. చివరకు ఆ పెట్టెలకే నకిలీలు తయారైనవి. నమ్మకం కోసం పుట్టిన పెట్టెను నమ్మడానికి మరొక పరీక్ష అవసరమైనది.

ఇంకొక సంగతి మమ్ములను ఎక్కువగా ఆలోచింపజేసినది. డెబ్బై అంకెల కొలమానాన్ని ప్రపంచానికిచ్చిన ఆ షెల్డనే, అమెరికా నాణేతిహాస పరిషత్తు సేకరణలోని మేలైన సెంటు నాణేలను తీసుకొని వాటి స్థానంలో తన నాసిరకం నాణేలను ఉంచినట్లు ఆయన 1977లో మరణించిన ఎన్నో ఏండ్లకు బయటపడింది. ఆ దొంగతనాన్ని పట్టించినది ఆయన అంకెలు కావు. ఆ నాణేలకు ఏనాడో తీసి ఉంచిన ఛాయాచిత్రాలు, వ్రాసిపెట్టిన వివరాలు. వాటితో సరిపోల్చి చూచినప్పుడే నిజం తేలింది. నాణేన్ని కాపాడేది మార్కు కాదు, శ్రద్ధగా వ్రాసి ఉంచిన లెక్క అని ఈ ఉదంతం మాకు బోధించినది.

ఇక మన రూపాయి సంగతికి వద్దాము. మన తెలంగాణలో "చారానా కోడికి బారానా మసాలా" అని ఒక సామెత ఉన్నది. సామాన్యంగా దొరికే చార్మినార్ రూపాయిని గ్రేడింగుకు పంపడం అచ్చంగా అటువంటిదే. పరీక్ష రుసుము, పంపే ఖర్చు, భీమా, మధ్యవర్తి కమీషను అన్నీ కలిపితే నాణెం ధరను మించిపోవచ్చు. అపురూపమైన నాణేలకే ఆ ఖర్చు గిట్టుబాటవుతుంది. అపురూపమైనది ఏదో తెలియాలంటే ముందు నాణేన్ని చదవడం రావలెను. చదవడం రానివాడు పది నాణేలు పంపి పదింటికీ నష్టపోతాడు. చదవడం వచ్చినవాడు పదింటిలో ఒకదాన్ని ఎంచుకొంటాడు. చింతపండుతో తోమిన నాణెం అసలుదే అయినా, దానికి అంకె ఇవ్వకుండా 'శుభ్రపరచబడినది' అని మాత్రమే వ్రాసి పంపడం ఆ సంస్థల రివాజు. కనుక సోదరులారా, పాత నాణెం నల్లగా ఉంటే నల్లగానే ఉంచండి. ఆ నలుపు మురికి కాదు, దాని వయస్సు.

ఖర్చుకంటె ముఖ్యమైనది చట్టం. 1972లో మన పార్లమెంటు పురావస్తువుల, కళానిధుల చట్టమును చేసినది. అది 1976లో అమలులోకి వచ్చింది. దాని ప్రకారం నూరేండ్లకు తక్కువ కాని వయస్సు గల నాణెం పురావస్తువు. కేంద్ర ప్రభుత్వం గాని, అది అధికారమిచ్చిన సంస్థ గాని తప్ప మరెవ్వరూ పురావస్తువును దేశం దాటించరాదు. దాటిస్తే ఆరు నెలలకు తగ్గకుండా మూడేండ్ల వరకు జైలు, జరిమానా. మహబూబ్ అలీఖాన్ కాలపు చార్మినార్ రూపాయిలన్నీ, ఉస్మాన్ అలీఖాన్ తొలి ఏండ్ల రూపాయిలన్నీ నేటికి నూరేండ్లు దాటినవే. "కవరులో పెట్టి అమెరికాకు పంపించు" అని తేలికగా సలహా చెప్పేవారు ఈ సంగతి చెప్పరు. పెట్టెలో దొరికిన తాతగారి నాణేన్ని విదేశానికి పంపబోయి నేరస్తుడిగా నిలబడే దుస్థితి మన విద్యార్థి ఎవరికీ రాకూడదు. పొలం దున్నుతుండగా దొరికిన నిధి సంగతి వేరు. అది మన సొత్తు కాదు, కలెక్టరుకు తెలియజేయవలసినది.

ఇంతవరకు అంకెను గురించి చెప్పుకున్నాము. ఆ అంకె చెప్పలేనిది ఏమిటో ఇప్పుడు చూద్దాము. మా మిత్రుని రూపాయిని మేము బల్లమీద పెట్టుకొని కూర్చున్నాము. ఉర్దూ మాధ్యమం మిత్రులు చదువుతూ పోయారు. తెలుగు మాధ్యమం వారము వ్రాసుకొంటూ పోయాము. "జర్బ్ ఫర్‌ఖుందా బునియాద్ హైదరాబాద్" అని ఉన్నది. జర్బ్ అంటే ముద్రణ. ఫర్‌ఖుందా బునియాద్ అంటే శుభమైన పునాది కలది. "జులూస్" అని ఉన్నచోట పాలకుడు సింహాసనమెక్కిన తరువాత ఎన్నవ ఏడో తెలిపే అంకె ఉన్నది. మరొకవైపు నిజాముల్‌ముల్క్ ఆసఫ్‌జా అను బిరుదుతోపాటు 92 అను అంకె. ఆ అంకె ఏమిటని తెలుగు మిత్రులము తెల్లబోయాము. అబ్జద్ లెక్కలో ప్రతి అక్షరానికి ఒక విలువ ఉంటుందని, మీమ్‌కు 40, హేకు 8, మళ్ళీ మీమ్‌కు 40, దాల్‌కు 4 కలిపితే ముహమ్మద్ అను నామానికి 92 వస్తుందని ఉర్దూ మిత్రులు విప్పి చెప్పారు. చార్మినార్ ద్వారంలో ఉన్న చిన్న అక్షరం 'మీమ్' అయితే మహబూబ్ అలీఖాన్, 'ఐన్' అయితే ఉస్మాన్ అలీఖాన్. ఇద్దరు పాలకుల కాలాన్ని ఒక్క అక్షరం విడదీస్తున్నది.

తరువాత సంవత్సరం వంతు వచ్చింది. నాణెం మీద ఉన్నది హిజ్రీ సంవత్సరం. దానిని 0.97తో గుణించి 622 కలిపితే క్రీస్తుశకం దాదాపుగా వస్తుందని మా లెక్కల మిత్రుడు చెప్పాడు. 1329ని అట్లా మారిస్తే 1911 వచ్చింది. మహబూబ్ అలీఖాన్ మరణించి ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కిన ఏడు అదే. పాఠ్యపుస్తకంలో వల్లెవేసిన తేదీ అరచేతిలో వెండిముక్క మీద కనిపించినప్పుడు కలిగిన ఆనందం ఏ మార్కుల పత్రం మీద కనిపిస్తుంది?

ఆ రూపాయి నుంచి మేము మరొక పాఠం కూడ నేర్చుకున్నాము. మా తాతల నోట "హాలీ", "కల్దారు" అను మాటలు విన్నవాళ్ళము గాని వాటి అంతరార్థం తెలియదు. నిజాం రాజ్యపు రూపాయి హాలీ సిక్కా. ఇంగ్లీషువారి రూపాయి కల్దారు. 7 హాలీ రూపాయిలకు 6 కల్దార్లు అని వాడుక. ఎందుకు అట్లా? లెక్క వేశాము. హాలీ రూపాయి బరువు సుమారు 11.18 గ్రాములు, అందులో వెండి వెయ్యింట 818 పాళ్ళు, అనగా శుద్ధమైన వెండి 9.14 గ్రాములు. కల్దారు బరువు 11.66 గ్రాములు, వెండి పన్నెండింట పదకొండు పాళ్ళు, అనగా 10.69 గ్రాములు. పెద్దదానిని చిన్నదానితో భాగిస్తే 1.17. ఏడును ఆరుతో భాగించినా 1.17. మారకపు రేటు ఎవరో దర్బారులో కూర్చొని ఊహించినది కాదు, వెండిలోనే ఉన్నది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చినప్పటి నుంచి తాండూరు, వికారాబాదు స్టేషన్ల మీదుగా సాగిన వ్యాపారంలో రెండు రకాల రూపాయిలతోను లెక్కలు చూచుకొన్న మన పెద్దలకు ఈ భాగహారం నోటికి వచ్చి ఉంటుంది. మనకు రాదు. ఆ రూపాయిలను ముద్రించిన సైఫాబాదు టంకశాల 1903లో ఏర్పడినది. 1997లో టంకశాల చర్లపల్లికి తరలినది. నేటికీ మన జేబులోని కొన్ని నాణేల మీద సంవత్సరం క్రింద కనిపించే చిన్న నక్షత్రం హైదరాబాదు టంకశాల గుర్తు. చేతిలో ఉన్నదాన్ని చూడటం మానుకొన్నందున అది కూడ మనలో పదిమందికి తెలియదు.

గ్రేడు ప్రకారం చూస్తే ఎందుకూ కొరగాని నాణేలు చరిత్రను ఎట్లా మార్చినవో తెలుసుకొనదలచినవారు కోటిలింగాల వైపు చూడవలెను. గోదావరి ఒడ్డున, నేటి జగిత్యాల జిల్లాలోని ఆ గ్రామంలో దొరికిన అరిగిన నాణేలను పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారు చదివినప్పుడు గోబద, నారన, కమ్వాయ, సమగోప అను రాజుల పేర్లు లోకానికి తెలిసినవి. ఏ పురాణమూ వారిని పేర్కొనలేదు. ఆ నాణేలు లేకుంటే వారు లేరు. వాటిని నేడు ఏ సంస్థకు పంపినా వచ్చే అంకె అట్టడుగునే ఉంటుంది. మన వికారాబాదుకు ఎంతో దూరం కాని, సంగారెడ్డి దగ్గరి కొండాపురంలో 1940 ప్రాంతంలో గులాం యజ్దానీగారి కాలంలో హైదరాబాదు పురావస్తు శాఖ త్రవ్వకాలు జరిపినప్పుడు శాతవాహన నాణేలు పెద్దసంఖ్యలో బయటపడినవి. అక్కడ విలువైనది నాణెపు మెరుపు కాదు. అది ఏ పొరలో, దేని ప్రక్కన దొరికినదనునది. ఆ సమాచారం పోయిన నాణెం ఊరు పేరు లేని అనాథ. ప్లాస్టిక్ పెట్టె మీద దొరికిన చోటు వ్రాయడానికి గడి లేదు.

అట్లాగే మన తండాలలోని లంబాడీ తల్లుల మెడలో, జడలో వేలాడే పాత అణాలను, అర్ధరూపాయిలను చూడండి. వాటికి రంధ్రం వేశారు, కొక్కెం అతికారు. గ్రేడింగు భాషలో అవి పాడైన నాణేలు. కాని ఆ కొక్కెమే వాటి జీవితకథ. సంతలో సంపాదించిన రూపాయిని బ్యాంకు లేని రోజులలో ఒంటిమీదనే దాచుకొన్న స్త్రీ తెలివి అందులో ఉన్నది. ముస్లిము ఇండ్లలో ప్రయాణానికి బయలుదేరే బిడ్డ దండకు ఇమామ్ జామిన్‌గా కట్టిన నాణేనికి బట్ట రాపిడితో మెరుగు పోయి ఉండవచ్చు. ఆ తల్లి దువాకు డెబ్బైలో ఎన్ని మార్కులు వేస్తాము?

ఇక్కడ మాకు ఎదురు ప్రశ్న రావచ్చును. "కథలు మీకు, కూడు ఎవరు పెడతారు? పెండ్లికి డబ్బు కావలసిన తండ్రికి అబ్జద్ లెక్క చెప్పి పంపుతారా?" అని. న్యాయమైన ప్రశ్న. మా మిత్రుని ఇంటిని చూచిన తరువాత దానిని తేలికగా త్రోసివేయజాలము. అవసరంలో ఉన్నవాడు నాణెం అమ్ముకొనడం తప్పు కాదు. అది అతని సొత్తు. కాని ఏమి అమ్ముతున్నాడో తెలియక అమ్ముకొనడమే తప్పు. అది అతని తప్పు కాదు, చదువుకొన్న మన తప్పు. నాణెం బరువెంత, అందులో వెండి ఎంత, నేటి వెండి ధర ప్రకారం కనీసం ఎంత రావలెను, సంవత్సరం ఏది, అది సామాన్యమా అపురూపమా అను ఐదు సంగతులు తెలిసి దుకాణం మెట్లెక్కినవాడిని ఎవరూ అంత సులభంగా మోసగించలేరు. తూకానికి కరిగించడానికి ఇచ్చేవాడూ, లక్షల ఆశతో ఎదురుచూచేవాడూ ఇద్దరూ నష్టపోతున్నది ఒకే కారణాన. ఇద్దరికీ చదవడం రాదు.

ఆ అజ్ఞానం మీదనే ఇప్పుడు మరొక వ్యాపారం నడుస్తున్నది. "మీ దగ్గర ఈ పాత నాణెం ఉంటే లక్షలు ఇస్తాము" అను ప్రకటనలు ప్రతివారి ఫోనులోను కనిపిస్తున్నవి. ఫొటో పంపగానే బ్రహ్మాండమైన ధర చెబుతారు. తరువాత నమోదు రుసుమని, పన్ను అని, ధ్రువపత్రం ఖర్చని వరుసగా డబ్బు అడుగుతారు. కొన్నింటిలో రిజర్వు బ్యాంకు పేరు, చిహ్నం కూడ వాడుతున్నారు. 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకు వారు దీనిని ఖండిస్తూ, పాత నోట్ల, నాణేల క్రయవిక్రయాలతో తమకు సంబంధం లేదని, అందుకై ఎవరి నుంచీ రుసుము గాని కమీషను గాని తాము అడగబోమని ప్రజలను హెచ్చరించారు. ఒక్క మాట గుర్తుంచుకొనండి: నిజంగా కొనేవాడు డబ్బు ఇస్తాడు, అడగడు. ఇప్పటికే మోసపోయినవారు సిగ్గుపడి దాచుకొనక 1930 నంబరుకు ఫిర్యాదు చేయవలెను.

కనుక కళాశాల యాజమాన్య సంఘం వారికి మా విన్నపము ఇది. మన కళాశాలలో రెండు భాషల విద్యార్థులు ఒకే కప్పు క్రింద చదువుతున్నారు. నాణేల విషయంలో ఇది సామాన్యమైన సౌకర్యం కాదు. పెద్ద నగరపు వ్యాపారికి కూడ దొరకని వసతి మన దగ్గర ఉన్నది. ఫారసీ లిపి చదవగలవారు ఉన్నారు. ఊరూరా తిరిగి ఇంటింటి కథ తెలుగులో వ్రాయగలవారు ఉన్నారు. ఒకప్పటి హైదరాబాదు రాజ్యపు కాగితపు నోటు మీద ఉర్దూ, తెలుగు, కన్నడం, మరాఠీ, ఇంగ్లీషు అక్షరాలు ఒకదాని ప్రక్కన ఒకటి ఉండేవి. ఆ నోటు మీద ఉన్న పొందిక మన తరగతి గదిలో ఉండదా?

దీనికి పెద్ద నిధులు అక్కరలేదు. చరిత్ర శాఖలో ఒక నమోదు పుస్తకం, గ్రాములో వందవ వంతు దాకా చూపే చిన్న త్రాసు, ఒక భూతద్దం ఉంటే చాలును. విద్యార్థి తన ఇంటి నాణేన్ని తెస్తాడు. బరువు, కొలత, రెండు వైపుల లిపి, సంవత్సరం, ఆ ఇంటికి అది ఎట్లా వచ్చినదో ఆ కథ, అన్నీ ఉర్దూలోను తెలుగులోను వ్రాసుకొంటాము. రెండు వైపుల ఫొటో తీసి అతికిస్తాము. నాణెం ఆ రోజే ఇంటికి తిరిగి వెళుతుంది. కళాశాల కొనదు, అమ్మదు, ధర చెప్పదు, తన దగ్గర ఉంచుకొనదు. ఈ నియమం కఠినంగా పాటించవలెనని మేమే కోరుతున్నాము. లేనిచో ఆశ, అనుమానం రెండూ లోపలికి వస్తాయి. ఇంటి గుట్టు బయటపడకుండా పుస్తకంలో పేరుకు బదులు సంఖ్య వ్రాయవచ్చును. సందేహం కలిగిన నాణేల ఫొటోలను హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం వారికి చూపి అడగవచ్చును. ఏడాదికొకమారు విద్యార్థులను ఆ మ్యూజియం నాణేల విభాగానికి, సైఫాబాదు పాత టంకశాల భవనంలో 2022లో తెరచిన ప్రదర్శనశాలకు తీసుకొనిపోతే మరీ సంతోషము. ప్రొద్దుటి రైలెక్కితే సాయంత్రానికి తిరిగి వస్తాము.

గ్రేడింగు సంస్థలతో మాకు వైరం లేదు. ఒకనాడు మా నమోదు పుస్తకంలో నిజంగా అపురూపమైన నాణెం బయటపడి, చట్టానికి లోబడి మన దేశంలోనే నిపుణుల చేత పరీక్ష చేయించుకొనవలసి వస్తే, ఆ ఇంటివారికి మేమే ఆ సలహా చెబుతాము. వైద్యుని దగ్గరకు పోయే ముందు జబ్బు ఉన్నదో లేదో ఇంట్లో చూచుకొన్నట్లు, పరీక్షకు పంపే ముందు మనం చదవవలెను. మొదటి పరీక్షకులము మనమే కావలెను.

మా మిత్రుడు ఆ రూపాయిని అమ్మలేదు. అమ్మినా పెండ్లి ఖర్చులో ఒక పూట కూరగాయలకు కూడ సరిపోయేది కాదని నవ్వుతూ అన్నాడు. పెండ్లి అప్పు చేసే జరిగింది. ఆ బాధ ఏ వ్యాసం వలనా తీరేది కాదని మాకు తెలుసు. కాని మేము చదివిన దానిని ఒక కాగితం మీద రెండు భాషలలోను వ్రాసి అతనికి ఇచ్చాము. నాయనమ్మ ఆ కాగితాన్ని రూపాయితోపాటు రుమాలులో చుట్టి మళ్ళీ పెట్టె అడుగున పెట్టిందట. నాణేనికి మేము వేసిన మార్కులు అవే. సంఘం వారు మా విన్నపమును మన్నిస్తే, వచ్చే ఏడు ఈ పత్రికలో అటువంటి కాగితాలను కొన్ని అచ్చువేసి మీ ముందు ఉంచగలమని నమ్ముతున్నాము.